డిగ్రీ చేతికి రాకముందే పైలట్ శిక్షణకు దరఖాస్తు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, సునాబెడ, జయపురం వైపు నుంచి, అటు మహారాష్ట్రలోని కిన్వట్, సిరొంచ, బల్లార్షా వైపు నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. డిగ్రీ ఇంకా పూర్తి కాలేదు, వాయుసేన పైలట్ శిక్షణకు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు. పట్టా కాగితం లేకపోవడం ఒక్కటే అడ్డమైతే అది చిన్న అడ్డమే. ప్లస్ టూలో (ఇంటర్‌లో) ఏ సబ్జెక్టులు చదివారు, పుట్టిన తేదీ ఏమిటి, కళ్లు ఎలా ఉన్నాయి, చివరి సెమిస్టర్ ఫలితం ఏ నెలలో వస్తుంది అన్నవే అసలు విషయం తేలుస్తాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

*

ప్రశ్న: బరంపురంలో ప్లస్ త్రీ (మూడేళ్ల డిగ్రీ) సైన్స్ రెండో ఏడాది, నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాస్తున్నాను. ప్లస్ టూలో మ్యాథ్స్‌లో 58 శాతం, ఫిజిక్స్‌లో 61 శాతం వచ్చాయి. డిగ్రీలో ఇప్పటివరకు 64 శాతం. పుట్టింది 2006 నవంబరు. 2026 జూన్‌లో ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన ఆఫీసర్ల ఎంపికకు పెట్టే రాత పరీక్ష) నోటిఫికేషన్ వస్తుందంటున్నారు. అప్పుడే పెట్టేయమంటారా? ఫైనల్ రిజల్ట్ ఆలస్యమైతే అంతా పోతుందని సీనియర్లు అంటున్నారు.

జవాబు: మీ మార్కులు సరిపోతాయి. ఏఎఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్ బ్రాంచికి (విమానాలు నడిపే శాఖకు) వెళ్లాలంటే ప్లస్ టూలో మ్యాథ్స్‌కు 50, ఫిజిక్స్‌కు 50 శాతం విడివిడిగా రావాలి. ఒకదాంట్లో 70, ఇంకోదాంట్లో 48 వచ్చి సగటు బాగుందంటే లెక్కలోకి రాదు. డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా కనీసం మూడేళ్లది, 60 శాతంతో ఉండాలి. చివరి సంవత్సరం చదువుతున్నవారికి దరఖాస్తు పెట్టేనాటికి ఫలితాలు వచ్చిన సెమిస్టర్లన్నీ కలిపి 60 శాతం ఉండాలి, ఒక్క పేపరు కూడా మిగిలిపోయి ఉండకూడదు.

ఇక తేదీలు. ఏఎఫ్‌క్యాట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. నవంబరు–డిసెంబరులో దరఖాస్తులు తీసుకుని జనవరి చివర గానీ ఫిబ్రవరిలో గానీ పెట్టే పరీక్ష మరుసటి జనవరిలో మొదలయ్యే కోర్సుకు. జూన్‌లో దరఖాస్తులు తీసుకుని ఆగస్టులో పెట్టే పరీక్ష మరుసటి ఏడాది జులై కోర్సుకు. వయసు చూసేది దరఖాస్తు రోజున కాదు, కోర్సు మొదలయ్యే నెల ఒకటో తేదీన. ఆ రోజుకు 20 నిండి ఉండాలి, 24 దాటకూడదు. పౌర విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవారికి 26 వరకు వీలుంది. 2027 జులై 1 నాటికి మీకు 20 ఏళ్లు నిండి ఉంటాయి కాబట్టి వయసు ప్రకారం 2026 ఆగస్టు పరీక్షకు మీరు అర్హులే.

మీ సీనియర్లు భయపెడుతున్నది వట్టి మాట కాదు. 2026 ఆగస్టు పరీక్ష రాసి, ఎంపికై, 2027 జులై కోర్సుకు పిలుపు అందుకోవాలంటే డిగ్రీ పాసైనట్టు ప్రొవిజనల్ సర్టిఫికెట్ నోటిఫికేషన్‌లో అచ్చు వేసిన గడువులోగా చూపించాలి. ఆ గడువు కోర్సు మొదలవడానికి ముందే ముగుస్తుంది. మీ ఆరో సెమిస్టర్ ఫలితం అదే వేసవిలో రావాలి. పరీక్ష వారం వెనక్కి జరిగినా, ఒక పేపరు వాల్యుయేషన్ నిలిచినా గడువు దాటిపోతుంది. యూనివర్సిటీ వల్లే ఆలస్యమైందని ఉత్తరం రాసినా సీటు ఆగదు. దీనికి తోడు, జూన్‌లో ఫారం నింపేటప్పుడు మీరు కాగితం మీద ఇంకా రెండో ఏడాదిలోనే ఉంటే చివరి సంవత్సరం విద్యార్థి అన్న మాటే నిలబడదు. ఐదో సెమిస్టర్‌లో పేరు నమోదయిందో లేదో కాలేజీ ఆఫీసులో అడిగి, బోనఫైడ్ సర్టిఫికెట్ మీద ఆ మాట రాయించుకున్నాకే ఫీజు కట్టండి. ఫీజు 550 రూపాయలు, జీఎస్‌టీ అదనం. ఒకసారి కడితే తిరిగి రాదు.

అందుకే ముందు యూనివర్సిటీ గత రెండేళ్లలో ఆఖరి సెమిస్టర్ ఫలితాలు ఏ తేదీన ఇచ్చిందో కనుక్కోండి. రెండుసార్లూ నోటిఫికేషన్‌లో గడువుగా వేసిన తేదీకి ముందే వచ్చి ఉంటే ఆగస్టు పరీక్షకు పెట్టండి. జూన్, జులైలలో వచ్చి ఉంటే మీ బలమంతా 2027 ఆరంభంలో జరిగే పరీక్ష మీద పెట్టండి. ఆ కోర్సు 2028 జనవరిలో మొదలవుతుంది. 2027 వేసవిలో ఫలితం ఎప్పుడు వచ్చినా మీ చేతిలో నెలల వ్యవధి ఉంటుంది. ఇప్పటి నిబంధనలే కొనసాగితే మీ పుట్టిన తేదీకి చివరి కోర్సు 2030 జులైది, అంటే 2029 ఆగస్టు పరీక్ష వరకు మీకు దారి తెరిచే ఉంది. పరుగెత్తాల్సిన పని లేదు.

మీ కాలేజీకి నాలుగేళ్ల డిగ్రీ పద్ధతి వచ్చి ఉంటే ఇంకో సంగతి తేల్చుకోవాలి. మూడో ఏడాదితో పట్టా తీసుకుని బయటికి వస్తారా, నాలుగో ఏడు కూడా చదువుతారా? నాలుగేళ్లు చదవాలనుకున్నవారికి మూడోది చివరి సంవత్సరం కాదు.

ఏప్రిల్, సెప్టెంబరు నెలల్లో యూపీఎస్‌సీ పెట్టే సీడీఎస్ (త్రివిధ దళాల ఆఫీసర్ల ఎంపిక) పరీక్షనూ లెక్కలో ఉంచుకోండి. ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, ప్రాథమిక గణితం ఒక్కోటి 100 మార్కులు, ఎస్‌ఎస్‌బీకి (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పెట్టే ఇంటర్వ్యూ, ఇతర పరీక్షలకు) 300. అందులో దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీని మొదటి ఎంపికగా పెట్టుకోవాలి. సీడీఎస్‌తో వెళితే పర్మినెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఆఫీసరు ఉద్యోగం. ఏఎఫ్‌క్యాట్‌తో వెళితే 14 ఏళ్ల షార్ట్ సర్వీస్, ఆ పైన పొడిగింపు లేదు. శిక్షణ ఇద్దరికీ ఒకచోటే. శిక్షణ కాలంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సీ' సర్టిఫికెట్ సంపాదించినవారికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుపు వస్తుంది. ఆర్మీ వింగ్ సర్టిఫికెట్‌తో ఫ్లయింగ్ బ్రాంచికి ఈ దారి దొరకదు.

*

ప్రశ్న: మాది సునాబెడ. నాన్న ఇక్కడి హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు, చిన్నప్పటి నుంచి ఇంజిన్ల మధ్యే పెరిగాను. బి.టెక్. ఆఖరి ఏడాది. పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టు జీవితంలో ఒక్కసారే అంటారు, నిజమా? ఊరికే అనుభవం కోసం ఒకసారి ఎస్‌ఎస్‌బీకి వెళ్లి రావచ్చా?

జవాబు: నిజమే. ఈ ఒక్క సంగతి తెలియక దారి మూసుకున్నవారు ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాం. ఎస్‌ఎస్‌బీలో ఫెయిలైతే మరోసారి రావచ్చు. ఫ్లయింగ్ ఆప్టిట్యూడ్ పరీక్షలో ఫెయిలైతే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్, ఎన్‌సీసీ ఏ దారిలో వచ్చినా మళ్లీ పైలట్‌గా తీసుకోరు. ముందు పీఏబీటీ అనేవారు, ఇప్పుడు డీఆర్‌డీవో రూపొందించిన కంప్యూటర్ పద్ధతి, సీపీఎస్‌ఎస్. పాసైతే ఆ ఫలితం మీతోనే ఉంటుంది, తర్వాతిసారి మళ్లీ రాయనక్కరలేదు. కాబట్టి అనుభవం కోసం వెళ్లే ప్రయాణాలు వద్దు. ఎస్‌ఎస్‌బీలో గట్టెక్కితే ఆ వెంటనే ఈ పరీక్ష ముందు కూర్చోబెడతారు, సిద్ధంగా లేనని చెప్పి వాయిదా వేయించుకోలేరు.

ఇందులో చూసేవి ప్రధానంగా రెండు. విమానం డయళ్లు చూసి అది ఏ స్థితిలో ఉందో వెంటనే పట్టుకోగలగడం ఒకటి. రెండు చేతులూ రెండు కాళ్లూ వేర్వేరు పనులు చేస్తున్నప్పుడు చూపు చెదరకుండా ఉండడం రెండోది. డయళ్ల గురించి అక్కడే వివరిస్తారు, కానీ వివరించేది వేగంగా ఉంటుంది. ఆల్టిమీటర్‌లో పొడుగు ముల్లు వందల అడుగులు, పొట్టి ముల్లు వేల అడుగులు, అన్నిటికంటే చిన్నది పదివేల అడుగులు చూపిస్తుంది. పొట్టి ముల్లు 3, 4 మధ్య ఉండి పొడుగు ముల్లు 6 మీద ఉంటే 3,600 అడుగులు. ముళ్లను తారుమారు చేసి 6,300 అని గుర్తు పెట్టడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. ఆర్టిఫిషియల్ హొరైజన్‌లో ఇంకా ఎక్కువమంది తడబడతారు. అందులో విమానం బొమ్మ కదలదు, క్షితిజ రేఖే వాలుతుంది. విమానం ఎడమకు వాలితే ఆ రేఖ ఎడమ కొస పైకి లేచి, కుడి కొస కిందికి దిగుతుంది. రేఖ కుడివైపు దిగింది కదా అని విమానం కుడికి వాలిందని రాస్తే తప్పు. దిక్సూచి చూసి ఎనిమిది దిక్కులూ తడుముకోకుండా చెప్పడం, ఎక్కుతోందా దిగుతోందా చెప్పే ముల్లు చదవడం కూడా ఇంట్లోనే సాధన చేయాలి. ఆల్టిమీటర్, ఎయిర్‌స్పీడ్, వర్టికల్ స్పీడ్, హెడింగ్, హొరైజన్ ఐదు డయళ్లూ కాగితం మీద గీసుకుని, ఒక్కో బొమ్మకు పది సెకన్ల లోపు విమానం స్థితిని ఒక వాక్యంలో చెప్పడం అలవాటు చేసుకోండి.

చేతులు, కాళ్ల పరీక్షలో తెర మీద కదిలే చుక్కను మధ్యలో నిలపాలి, దాంతో పాటు వెలిగే లైట్లకు, వినిపించే శబ్దాలకు స్పందించాలి. అతిగా కదిలించడం వల్లే ఎక్కువగా పోతుంది. చుక్క పక్కకు పోగానే కంట్రోల్‌ను బలంగా తోస్తారు, అది అవతలి అంచుకు పరుగెత్తుతుంది, మళ్లీ ఇటు తోస్తారు. కొద్దిగా కదిపి, ఫలితం చూసి, మళ్లీ కొద్దిగా కదపాలి. లైటు వెలిగితే చుక్కను వదిలేసి లైటు వెంట పడకూడదు. ముందు రాత్రి నిద్ర చాలకపోతే ఈ భాగంలోనే తేడా వస్తుంది. జయపురం వైపు నుంచి మైసూరుకో వారణాసికో రైళ్లు మారుతూ వెళ్లేవారు రిపోర్టింగ్ రోజు తెల్లవారుజామున దిగేలా కాకుండా ఒక రోజు ముందే చేరేలా టికెట్ తీసుకోండి.

బి.టెక్. కాబట్టి నౌకాదళం సంగతీ చెబుతాం. నేవీ పైలట్ షార్ట్ సర్వీస్ ఎంట్రీకి ఏ బ్రాంచి బి.టెక్. అయినా సరే 60 శాతం, పదిలోనూ ప్లస్ టూలోనూ 60 శాతం, ఈ రెంటిలో ఒకదాంట్లో ఇంగ్లిష్‌కు 60 శాతం అడుగుతారు. ఆఖరి ఏడాది వారు అర్హులే. సెమిస్టర్ మార్కులను బట్టి ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. బి.ఎస్సీ. వారికి ఈ దారి లేదు. సైన్యం హెలికాప్టర్లు నడపాలనుకునేవారు ముందు ఆర్మీ ఆఫీసరు కావాలి, తర్వాత ఆర్మీ ఏవియేషన్‌కు ఎంపికై నాసిక్‌లో శిక్షణ పొందుతారు.

*

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాస్తున్నది. మా అబ్బాయికి 18 నిండాయి, రెండు కళ్లకీ మైనస్ ఒకటి అద్దాలు. పైలట్ అవుతానంటున్నాడు. లేజర్ ఆపరేషన్ చేయిస్తే అద్దాలు పోతాయని, ఈ సెలవుల్లోనే చేయించమని పట్నంలో చెప్పారు. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడు చేయించకండమ్మా. ఇరవై ఏళ్లు నిండకముందు చేయించిన లాసిక్, పీఆర్‌కే ఆపరేషన్లను వాయుసేన అంగీకరించదు. ఎన్‌డీఏ ద్వారా వెళ్లేవారిలోనూ ఈ ఆపరేషన్లు పనికిరావు. ఈ సెలవుల్లో చేయిస్తే డబ్బు పోవడంతో ఆగదు, తర్వాత వచ్చే అవకాశం కూడా పోతుంది. ఇరవై నిండాక చేయించినా కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు, కంటి గుడ్డు పొడవుకు పరిమితి ఉంది, ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బందీ లేకుండా 12 నెలలు గడవాలి. రేడియల్ కెరటాటమీ అనే పాత పద్ధతి ఏ వయసులో చేయించినా పనికిరాదు. పెద్ద ఆస్పత్రి కంటి డాక్టరు చేత కార్నియా మందం, కంటి పొడవు ముందే కొలిపించి, నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాల పేజీ ఆ డాక్టరు చేతికిచ్చి అడగండి. మందం మొదటే తక్కువగా ఉన్న కంటికి ఆపరేషన్ వల్ల మీవాడి కోరిక తీరదు.

ఆపరేషన్ లేకుండా ఫ్లయింగ్ బ్రాంచికి కావలసిన చూపు ఒక కంటికి 6/6, రెండో కంటికి 6/9. ఆ 6/9 కూడా ప్లస్ పవర్ అద్దంతోనే 6/6 అవ్వాలి. కంటి పరీక్షలో తేలే మైనస్ పవర్ అసలు ఉండకూడదు. కాబట్టి ఇప్పుడున్న స్థితిలో అబ్బాయి ఫ్లయింగ్‌కు అర్హుడు కాడు. వాయుసేనలోనే ఉండాలనుకుంటే గ్రౌండ్ డ్యూటీ శాఖల్లో (విమానం నడపని ఆఫీసరు ఉద్యోగాల్లో) అద్దాలకు కొంత వెసులుబాటు ఉంది.

ఇంకొంతమంది తల్లిదండ్రులు పొడవు గురించి అడిగారు. నిలువు ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. అంతటితో అయిపోదు. కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96, కాలి పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలి. ఇవి కాక్‌పిట్ కొలతలు. పెడల్ అందని కాలు, ప్యానెల్‌కు తగిలే మోకాలు రెండూ ప్రమాదమే. ఇంట్లో చూసుకోవాలంటే గోడకు నడుమూ వీపూ ఆనించి నేల మీద కూర్చుని, కాళ్లు తిన్నగా చాపి, గోడ నుంచి మడమ దాకా కొలవండి, అది కాలి పొడవు. కుర్చీలో అలాగే కూర్చుని గోడ నుంచి మోకాలి చిప్ప దాకా కొలిస్తే తొడ పొడవు. టైలరు టేపు చాలు. అంచుల్లో ఉన్నవారు రెండు మూడుసార్లు కొలవండి. ఎత్తు, కాళ్ల కొలతల్లో తేడా ఉంటే మందులేమీ లేవు, అది ముందే తెలిస్తే ఏళ్లు వృథా కావు.

*

ప్రశ్న: సిరొంచ దగ్గర పల్లె మాది. గడ్చిరోలిలో బి.ఎస్సీ. చివరి ఏడాది చదువుతున్న అమ్మాయిని. ఫ్లయింగ్‌కు అమ్మాయిలను తీసుకుంటారా? మా ఆచారం ప్రకారం చిన్నప్పుడే చేతుల మీద పచ్చబొట్లు పొడిపించారు. ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు.

జవాబు: తీసుకుంటారు తల్లీ. వాయుసేనలో తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్‌లోనే కమిషన్ (ఆఫీసరుగా నియామకం) పొందారు. ఏఎఫ్‌క్యాట్, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఎంట్రీ అమ్మాయిలకు ఉన్నాయి, ఎన్‌డీఏలో 2022 నుంచి చేరుతున్నారు. మార్కులు, వయసు, చూపు అబ్బాయిలకున్నవే.

పచ్చబొట్లకు మామూలుగా మోచేయి లోపలి వైపు నుంచి మణికట్టు వరకు, అరచేతి వెనక వైపు మాత్రమే అనుమతి. కానీ తమ తెగ ఆచారం ప్రకారం పొడిపించుకున్న ఆదివాసులకు వేరే నిబంధన ఉంది, ఒక్కొక్కరి విషయం విడిగా చూసి నిర్ణయిస్తారు. కుల ధ్రువీకరణ పత్రం, పచ్చబొట్టు ఏ ఆచారంలో భాగమో తెలిపే కాగితం, పచ్చబొట్ల ఫొటోలు దగ్గర పెట్టుకోండి. ఆచారానికి చెందని బొమ్మ, పేరు, కొత్త డిజైను ఇకపై ఏదీ పొడిపించుకోవద్దు. చెరిపించుకునే ప్రయత్నం కూడా వద్దు, లేజరుతో కాల్చిన మచ్చ వేరే ప్రశ్నలకు తావిస్తుంది.

పెళ్లి మాట ఇంట్లో స్పష్టంగా చెప్పండి. 25 ఏళ్లలోపు అభ్యర్థులు అవివాహితులై ఉండాలి. దరఖాస్తు పెట్టాక పెళ్లి చేసుకుంటే ఎస్‌ఎస్‌బీలో నెగ్గినా శిక్షణకు తీసుకోరు. శిక్షణ మధ్యలో చేసుకుంటే పంపించేసి, మీ మీద పెట్టిన ఖర్చు తిరిగి కట్టమంటారు. కమిషన్ వచ్చేదాకా పెళ్లి ఆగాలని మీవాళ్లను ఒప్పించండి. నిశ్చితార్థం చేసుకుని తేదీ వాయిదా వేద్దామనుకుంటే ఆ తేదీని పెద్దలు మీ చేతిలో ఉంచరు.

మీ జిల్లాలోనూ కోరాపుట్, మల్కన్‌గిరి వైపూ ఉన్న పిల్లలందరికీ ఇంకో మాట. వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బులైన సికిల్ సెల్ వ్యాధి, తలసేమియా ఉంటే వైద్య పరీక్షలో అనర్హులుగా తేలుస్తారు. జబ్బు బయటపడకుండా తలసేమియా జన్యువు మాత్రమే (ట్రెయిట్) ఉన్నా తీసుకోరు. మన ప్రాంతాల్లో ఇవి తరచూ కనిపిస్తాయి. హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రిలో చేయించుకోండి. కోచింగ్‌కు వేలు పోయక ముందే చేయించుకోవాల్సిన పరీక్ష ఇది.

*

ప్రశ్న: రాయగడ. ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివాను, మ్యాథ్స్ తీసుకోలేదు. ఇప్పుడు బోటనీ ఆనర్స్. డిగ్రీలో మ్యాథ్స్ ఒక పేపరుగా తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అడిగేది ప్లస్ టూ స్థాయి మ్యాథ్స్. అడ్మినిస్ట్రేషన్ లాంటి గ్రౌండ్ డ్యూటీ శాఖల్లో మీ డిగ్రీకి చోటుంది. వాటికి వయసు 26 వరకు. ప్లస్ టూలో చేరబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఇంట్లో ఉంటే బయాలజీ తీసుకున్నా సరే, మ్యాథ్స్ వదలొద్దని ఇప్పుడే చెప్పండి.

*

ప్రశ్న: మాది తెలుగు ఇల్లు, చదివింది ఒడియా మీడియం. ఛత్రపూర్ దగ్గర ఉంటాం. రాత పరీక్ష గట్టెక్కగలను కానీ ఇంటర్వ్యూ ఇంగ్లిష్ అంటే చేతులు వణుకుతాయి.

జవాబు: ఎస్‌ఎస్‌బీలో ఇంగ్లిష్ వ్యాకరణానికి మార్కులు వేయరు. మీరు చెప్పేది ఎదుటివాడికి తెలియాలి, తడబడ్డా ఆపకుండా చెప్పాలి. కష్టం భాషలో కంటే గడియారంలో ఉంది. మొదటిరోజు మసక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, అందులోని మనుషుల వయసు, మనఃస్థితి గుర్తుపెట్టుకోవడానికి ఒక నిమిషం, కథ రాయడానికి నాలుగు నిమిషాలు. తర్వాత గుంపులో ఆ కథ నోటితో చెప్పి, అందరూ కలిసి ఒక కథకు రావాలి. ఈ దశ దాటనివారిని ఆ రోజే ఇంటికి పంపేస్తారు, కాబట్టి మీ సాధనంతా ముందు ఇక్కడే మొదలవ్వాలి. రోజూ ఒక బొమ్మ తీసుకుని, ఫోన్‌లో అలారం పెట్టి నాలుగు నిమిషాల్లో రాసి, లేచి నిలబడి ఒక నిమిషంలో గట్టిగా చెప్పండి. ఇంగ్లిష్ మాట తట్టకపోతే చిన్న మాటతో నెట్టండి. కథ ఆగిపోవడం కంటే అది నయం.

దాటినవారికి రెండో దశలో 60 మాటలు ఒక్కొక్కటి 15 సెకన్ల చొప్పున, 60 సందర్భాలు 30 నిమిషాల్లో, బొమ్మల కథలు 12. మాటలకు సూక్తులు, సామెతలు రాయడం కోచింగ్ పుస్తకాల అలవాటు. మానసిక పరీక్షకులకు అవి వందలసార్లు చూసినవే, వాటిలో మీరు కనిపించరు. మీరు నిజంగా చేసే పని రాయండి. బావి పూడిక తీయించడం, చెల్లెలికి స్కాలర్‌షిప్ ఫారం నింపి ఇవ్వడం లాంటి మన ఊళ్ల పనులు చాలు.

*

ప్రశ్న: నాందేడ్‌లో బి.టెక్. ఏడో సెమిస్టర్. ఒక పేపరు మిగిలిపోయింది, వచ్చే నెల సప్లిమెంటరీ. ఫారం ఇప్పుడు నింపి తర్వాత పాసైతే?

జవాబు: నింపవద్దు. దరఖాస్తు నాటికి బ్యాక్‌లాగ్ లేదని మీరే సంతకం పెట్టాలి. మార్కుల పట్టీ మీద పాసైన నెల అచ్చయి ఉంటుంది, ఎంపిక కేంద్రంలో అది చూసి అక్కడి నుంచే తిప్పి పంపుతారు. పేపరు పూర్తయ్యాక వచ్చే నోటిఫికేషన్‌కు పెట్టండి. మీకు సీజీపీఏ పద్ధతి ఉంటే శాతంగా మార్చే సూత్రం యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్‌ను ఒప్పుకోరు. 59.9ని 60 చేసి రాయకూడదు.

*

ప్రశ్న: బల్లార్షాలో నా తమ్ముడు పదో తరగతి. డిగ్రీ దాకా ఆగకుండా వాడికి దారి ఉందా?

జవాబు: వాడికి అన్నిటికంటే మంచి దారి ఎన్‌డీఏ. పన్నెండో తరగతిలో ఉండగానే రాయొచ్చు, డిగ్రీ అకాడమీలోనే జేఎన్‌యూ ఇస్తుంది. వాయుసేన కోసం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తీసుకోవాలి. వయసు సుమారు 16½ నుంచి 19½ మధ్య, కచ్చితమైన పుట్టిన తేదీలు ప్రతి నోటిఫికేషన్‌లో ఇస్తారు. గణితం 300, జనరల్ ఎబిలిటీ 600, ఎస్‌ఎస్‌బీ 900 మార్కులు. మీది మహారాష్ట్ర కాబట్టి ఒక అదనపు అవకాశం ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్లు ఎన్‌డీఏకు సిద్ధం చేసే సర్వీసెస్ ప్రిపరేటరీ ఇన్‌స్టిట్యూట్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఛత్రపతి సంభాజీనగర్‌లో అబ్బాయిలకు, నాసిక్‌లో అమ్మాయిలకు నడుపుతోంది. పదిలో ఉండగానే దాని ప్రవేశ పరీక్ష ప్రకటన కోసం చూడండి, డొమిసైల్ (రాష్ట్ర నివాస) సర్టిఫికెట్ ముందే తీసి ఉంచండి. తెలుగువాళ్లం కదా మనకివ్వరేమోనని చాలా ఇళ్లలో ఊరుకుంటున్నారు. అడిగేది డొమిసైల్, ఇంట్లో మాట్లాడే భాష కాదు.

అగ్నివీర్ వాయులో చేరితే పైలట్ చేస్తారని చెప్పేవారిని నమ్మకండి. అది వేరే ఎంట్రీ, పైలట్ శిక్షణ ఆఫీసర్ ఎంట్రీలకే.

*

ప్రశ్న: జయపురం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంది, ఆధార్‌లో ముందు ఒక్క అక్షరమే ఉంది. నాన్న పేరులో ఒక అక్షరం తేడా. పర్వాలేదా?

జవాబు: పర్వా ఉంది. ఒడిశాలో చదివిన తెలుగు పిల్లలందరికీ ఇది వస్తుంది, బడిలో ఒక తీరు, ఇంట్లో ఒక తీరు. దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలాగే ఉండాలి, అక్షరం అటూ ఇటూ కాకుండా. మార్చాల్సింది ఆధార్‌ను, బోర్డు సర్టిఫికెట్‌ను కాదు. బోర్డులో మార్పు నెలలు పడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్ తీసుకుని ఆధార్ కేంద్రానికి నోటిఫికేషన్ రాకముందే వెళ్లండి. ఆధార్ మారాక ప్లస్ టూ, డిగ్రీ పట్టీల్లో కూడా అదే పేరు ఉందో చూడండి. తండ్రి పేరులో తేడా మిగిలితే ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ చేయించుకోండి.

ఎస్‌ఎస్‌బీకి వెళ్లేటప్పుడు పది, ప్లస్ టూ ఒరిజినళ్లు, ప్రతి సెమిస్టర్ మార్కుల పట్టీ, చివరి సంవత్సరమని, బ్యాక్‌లాగ్ లేదని, ఇప్పటివరకు ఇంత శాతమని ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్, ఇరవైకి తగ్గకుండా పాస్‌పోర్టు ఫొటోలు పెట్టుకోండి. ఒకే రకం ఎంట్రీకి మొదటిసారి వెళ్లేవారికి రైలు చార్జీ తిరిగి ఇస్తారు. దానికి టికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కాపీ అడుగుతారు. రాయగడ స్టేషన్ దాకా బస్సులో వచ్చినవారు బస్సు టికెట్‌నూ పారేయకండి.